తిరిగిరాని డబ్బా

కాలు విరిగినామెకి డబ్బాలక్క ఒక మాట చెప్పాలి. పెద్ద మాటేమీ కాదు, నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలూ నోట్లో పెట్టుకుని రోజూ ఆమె ఉండే సందు మొదటిదాకా వెళ్తుంది, పళ్ల కొట్టు దగ్గర ఆగుతుంది, అక్కర్లేని పళ్లు బేరమాడుతుంది, కొనకుండానే ఇంటికొచ్చేస్తుంది. కొట్టువాడు ఇప్పుడు ఈమెని చూడగానే మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు. మింగలేక కక్కలేక అంటారే, డబ్బాలక్క బతుకు అచ్చం అలా ఉంది.

నిజానికి నోరు పెగలని మనిషి కాదామె. నగర సేవల కార్యాలయంలో, మేడ మీద ఫిర్యాదుల గదిలో ఆమె ఉద్యోగం. ఊళ్లోవాళ్లు తమ బాధలన్నీ ఫోన్లలో తమకొచ్చిన మాటల్లో రాసి పంపుతారు. కుళాయి రావడం లేదని, వీధి దీపం వెలగడం లేదని, పక్కింటివాళ్ల చెట్టు మా గోడ మీద పడుకుందని. ఆమె చదివి, కంప్యూటర్ తెర మీద వరసగా ఉండే ముప్పై పైచిలుకు డబ్బాల్లో ఒకదాంట్లోకి దాన్ని తోయాలి. నీళ్లు, మురుగు, మీటర్లు, రోడ్లు, దీపాలు, చెత్త, చెట్లు, కుక్కలు, ఇలా ఒక్కో శాఖకి ఒక్కో డబ్బా. పేరు అందుకే వచ్చింది. అంతేగాని ఆమె సొంత డబ్బా కొట్టుకునే రకం కాదు. కొట్టుకోవాలంటే మాత్రం కారణం లేకపోలేదు. ఆ గదిలో ఉన్న ఏడుగురిలో అందరికంటే తక్కువ తప్పులు ఆమెవే. అని అందరూ అనుకునేవారు.

ఆ ఆఫీసులో తప్పు తెలిసే పద్ధతి ఒకటుంది. తనది కాని ఫిర్యాదు ఏ శాఖకైనా వెళ్తే, 'మాది కాదు' అని వాళ్లు తిప్పి పంపేస్తారు. మరి ఎవరిదో చెప్పరు. చెబితే వాళ్ల సొమ్మేం పోతుందో తెలీదు గాని, చెప్పరు. వారం మొదట్లో జరిగే మీటింగులో సూపర్‌వైజరు తిరిగొచ్చినవన్నీ పైకి చదువుతాడు. ఎవరిది తిరిగొస్తే వాళ్లు లేచి నిలబడాలి. మనవలున్నవాళ్లు కూడా ఒకటో తరగతి పిల్లల్లా లేచి నిలబడేవాళ్లు. వాళ్లలో అందరికంటే పెద్దవాడికి 'తిరుగుటపా' అని పేరు. అర్థం కాని ఫిర్యాదు వస్తే ఆయన ఒక డబ్బాలో వేసి చూస్తాడు. తిరిగొస్తే ఇంకో డబ్బా. అదీ తిరిగొస్తే ఫిర్యాదు చేసినవాళ్లకే ఫోన్ చేసి, "బాబూ, ఇంకాస్త వివరంగా చెప్పు" అంటాడు. మీటింగులో ఆయన మాటిమాటికీ లేవడం కూర్చోవడం ఎందుకని మొదటినుంచీ నిలబడే ఉండేవాడు. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

డబ్బాలక్కకి మాత్రం అలా నవ్వడం చేతకాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగులో వరసగా మూడుసార్లు నిలబడాల్సొచ్చి, ఇంటికెళ్లి అన్నం తినకుండా పడుకుంది.

ఆ తర్వాతి వారమే ఒక ఫిర్యాదు వచ్చింది: 'మా మేడమెట్ల కింద ఈల వేసినట్టు శబ్దం వస్తోంది.' ఈలలకి శాఖ ఏది? గొట్టంలో గాలా, కరెంటు తీగా, ఎలకలా? ఏ డబ్బాలో వేసినా తిరిగొచ్చేలా ఉంది. ఆమె చూపు వరస చివర్న ఉన్న 'ఇతరములు' మీద పడింది. ఆ డబ్బా చూసే ఆయన ఎప్పుడో రిటైరయ్యాడు. ఆయన కుర్చీని స్టోరువాళ్లు పట్టుకుపోయారు గాని, తెర మీది డబ్బాని తీసెయ్యడం ఎవరికీ తట్టలేదు. ఆమె ఈలని అందులోకి తోసింది. అది తిరిగి రాలేదు. ఎలా వస్తుంది? తిప్పి పంపడానికి అక్కడ మనిషుంటేగా!

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అలా మొదలైంది. సులువైన వాటిని ఎప్పుడూ సరిగ్గానే వేసేది, ఆ మాట అనాల్సిందే. చిక్కువాటిని మాత్రం 'ఇతరములు'. మొదట్లో గుండె కాస్త కొట్టుకునేది. తర్వాత అదీ మానేసింది. మీటింగులో ఆమె పేరు వినపడటం మానేశాక, ఆ డబ్బాలోకి వెళ్లినవాళ్ల సంగతి ఆలోచించడం కూడా మానేసింది.

అంతటితో పోయేదేమో. మేనకోడలు రాకపోతే.

మేనకోడలంటే ఆమె అన్న కూతురు. పెద్ద చదువు కోసం వచ్చి మేనత్త ఇంట్లోనే ఉంటోంది. గణితంలో పరిశోధన. ఏం పరిశోధనే అంటే ఇన్నాళ్లూ "నీకు చెప్పినా అర్థం కాదులే అత్తా" అనే పిల్ల, ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి గట్టు మీదెక్కి కూర్చుంది.

"అత్తా, నా లెక్క మొత్తం నీ పనే తెలుసా?"

"నా పనిలో లెక్కేముందే? చదవడం, తొయ్యడం."

"అదే! ఒక్కొక్కటే వస్తుంది. ముందు ఏదొస్తుందో తెలీదు. వచ్చినదానికి అప్పటికప్పుడు డబ్బా చెప్పాలి. చెప్పాకే తప్పో ఒప్పో తెలుస్తుంది. డబ్బాలు రెండే ఉంటే గొడవ లేదు, ఇది కాకపోతే అది. ముప్పై ఉంటే? ఇది కాదని తెలిసింది సరే, మిగతా వాటిలో ఏది? ఒక్క తప్పు నీకేం నేర్పినట్టు?"

"లేచి నిలబడటం నేర్పింది," అంది డబ్బాలక్క.

పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాత తన ఆలోచన చెప్పింది. ఒక యంత్రం. దానికి ముందుగా ఏమీ తెలీదు. ప్రతి ఫిర్యాదునీ గదిలోని ఏడుగురికీ చూపించి, ఎవరు ఏ డబ్బా అన్నారో చూస్తుంది. మొదట్లో అందరినీ సమానంగా నమ్ముతుంది. ఎక్కువ నమ్మకం ఏ డబ్బా వైపుంటే అందులో వేస్తుంది. అది తిరిగొస్తే, ఆ డబ్బా పేరు చెప్పినవాళ్ల మీద నమ్మకం సగానికి కోసేస్తుంది. మళ్లీ తప్పితే మళ్లీ సగం. అలా పోగాపోగా ఎవరి మాట వినాలో దానికదే తేలిపోతుంది.

"ఆఖర్న వెనక్కి తిరిగి చూస్తే మీ అందరిలో ఒకరు మేలని తేలుతుంది కదా. ఆ ఒక్కరికంటే నా యంత్రం మరీ ఎక్కువ తప్పులు చెయ్యదు అత్తా. రుజువు చేశాను. వాళ్ల తప్పులకీ దాని తప్పులకీ ఉన్న తేడాని మేం పశ్చాత్తాపం అంటాం."

"యంత్రానికి పశ్చాత్తాపమా! బాగుందే."

"ముందే తెలిసుంటే ఆ ఒక్కరి మాటే విని ఉందునే అనుకోవడం అన్నమాట. మనుషులకి ఎలా ఉంటుందో గాని, మాకైతే అది లెక్కకి అందుతుంది. తగ్గించొచ్చు కూడా."

డబ్బాలక్క కూర కలుపుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మరి తిరిగే రాకపోతే?"

"రాకపోతే ఒప్పనేగా! తప్పని ఎవరూ అనలేదు కదా."

చెప్పాల్సింది అప్పుడే. గరిట పక్కన పెట్టి, 'అమ్మాయ్, ఒక డబ్బా ఉంది, దాన్నించి ఏదీ తిరిగి రాదు' అనుంటే అక్కడితో తీరిపోయేది. గోటితో పోయే పని. కానీ అత్తంటే ఆ పిల్లకి ఎంత గౌరవమో కళ్లలో కనిపిస్తుంటే ఆ మాట ఎలా అంటుంది? అనలేదు. ఉప్పు వేసిన కూరలోనే మళ్లీ ఉప్పు వేసింది. పిల్ల తన లెక్కల ఊపులో ఆ ఉప్పుకషాయం తెలీకుండానే తినేసింది.

సూపర్‌వైజరు సరేననడంతో యంత్రాన్ని ఆఫీసులో పెట్టారు. సులువైన వాటిలో ఏడుగురిదీ ఒకటే మాట, తేడా అంతా చిక్కువాటిలోనే. తిరుగుటపా పాపం తన అలవాటు ప్రకారం ఏదో ఒక శాఖ పేరు చెప్పేవాడు, తప్పేది, ఆయన మీద నమ్మకం సగం తెగేది. మిగతావాళ్లదీ కాస్త అటూఇటూగా అదే కథ. డబ్బాలక్క 'ఇతరములు' అనేది. ఆమె నమ్మకం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. వానాకాలం వెళ్లేసరికి యంత్రం ఇంకెవరినీ అడగడం మానేసి, ఆమె ఏమంటుందో అదే అనడం నేర్చుకుంది. ఆ తర్వాత ఆమెనీ అడగడం మానేసింది.

మేనకోడలు ఆ రోజు ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి మేనత్తని గట్టిగా కావలించుకుంది. "ఏడుగురిలో నువ్వే అత్తా! యంత్రానికి పశ్చాత్తాపం దాదాపు లేదు. నేను రాసినదానికంటే బాగా నేర్చుకుంది!" పెద్ద పత్రికలో వ్యాసం వస్తుందట. వేరే ఊళ్లలో కూడా పెడతారట. ఆఫీసులో సూపర్‌వైజరు అందరికీ టీ పోయించి, డబ్బాలక్కని ఈసారి పొగడటానికి నిలబెట్టాడు. తిరుగుటపాని కింద గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు, వచ్చినవాళ్లకి లిఫ్టు ఎటో చెప్పడానికి. ఆయన కిందికి దిగే ముందు వచ్చి, "నేను ఎంత చదివినా తెలిసేది కాదమ్మా. మీకెలా తెలిసేదో!" అన్నాడు, మనస్ఫూర్తిగా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె గబుక్కున, "నాకేం తెలుసండీ!" అంది. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. ఆమె టీ తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

తర్వాత ఒక సందులో నేల కుంగింది. ఇంటి ముందు ఆరేసిన బట్టలు తీసుకుంటున్న కుట్టుపనామె నడుందాకా అందులో దిగబడింది. కాలు రెండుచోట్ల విరిగింది. నీళ్ల శాఖ మురుగు శాఖ వైపు, మురుగు రోడ్ల వైపు వేలు చూపించాయి. తిలాపాపం తలా పిడికెడు. డబ్బాలక్కకి ఆ సందు పేరు వినగానే అక్కడినుంచి వచ్చిన ఒక ఫిర్యాదు మనసులో మెదిలింది. ఆమెకి ఆ ఫిర్యాదు ముక్క ముక్కా గుర్తుంది.

'మా వాకిట్లో నేల గుల్లగా మోగుతోంది. బకెట్ దింపితే తెలుస్తోంది. పిల్లలు ఆడే చోటు, ఒకసారి చూడండి.'

ఆ రోజు చదవగానే ఆమెకి అర్థమైంది. గొట్టం ఎక్కడో కారుతోంది, కింద మట్టి కొట్టుకుపోతోంది. కానీ ఏ గొట్టం? మంచినీళ్లదా, మురుగుదా? లేక రోడ్డువాళ్లు సరిగా పూడ్చలేదా? మూడింట్లో దేనిలో వేసినా తిరిగొచ్చే అవకాశం ఉంది. అవతల మీటింగు. ఒక్క క్షణం ఆగింది. తర్వాత అలవాటైన చోటికే తోసింది.

సందు పేరు విన్న రోజు ఆమె ఎవరూ చూడకుండా ఆ డబ్బా తెరిచింది. అదే మనిషి తర్వాత ఇంకో రెండుసార్లు రాసింది. 'ఇప్పుడు ఇంకా ఎక్కువ మోగుతోంది' అని ఒకసారి. 'దయచేసి' అని మొదలుపెట్టి ఇంకోసారి. ఆ రెండూ డబ్బాలక్క చూడనైనా లేదు. యంత్రమే చదివి, ఏ తడబాటూ లేకుండా, డబ్బాలక్క అయితే ఎక్కడ వేసేదో సరిగ్గా అక్కడే వేసింది. తేలు కుట్టిన దొంగలా ఆమె చప్పుడు చెయ్యకుండా తెర ఆర్పేసి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది.

మేనకోడలికి చెప్పడానికే కొన్నాళ్లు పట్టింది. చెప్పినప్పుడు పిల్ల మొదట నమ్మలేదు. తర్వాత కాగితం తీసుకుని ఏవో గీసింది, కొట్టేసింది.

"రుజువు తప్పు కాదత్తా," అంది చివరికి. "నీకంటే మరీ ఎక్కువ తప్పులు చెయ్యదన్నాను. చెయ్యలేదు."

"తప్పు నాదే. నీ తప్పేం లేదమ్మా."

"ఎందుకు లేదు? ఎవరూ తప్పనకపోతే ఒప్పే అని మొట్టమొదటి వాక్యం నేనేగా రాసుకున్నది! ఆ డబ్బా వెనక ఎవరున్నారని ఒక్కసారైనా అడిగానా? వంటింట్లో నువ్వు అడిగావు చూడు, తిరిగి రాకపోతే అని... నువ్వు చెబుతున్నావని కూడా నాకు తట్టలేదు." కాసేపటికి కోపం వచ్చింది. రావాల్సిందే. "కానీ అత్తా, నువ్వు అడిగి ఊరుకున్నావు. నన్ను అందరికీ చెప్పుకోనిచ్చావు."

పిల్ల వ్యాసం వెనక్కి తెప్పించుకుంది. రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు. మూడోనాడు తనే టీ పెట్టి తెచ్చింది గాని, అందులో పాత చనువు లేదు.

ఆఫీసులో కూడా డబ్బాలక్క చెప్పేసింది, ఈసారి ఎవరూ పేరు చదవకుండానే లేచి నిలబడి. సూపర్‌వైజరు చాలాసేపు ఆలోచించి, "మేడమ్, ఆ డబ్బా ఎవరిదీ కాదు కాబట్టి ఈ తప్పు కూడా ఎవరిదీ కాదు, మీరు కూర్చోండి," అన్నాడు. ఆయన బాధ ఆయనది, యంత్రం బాగుందని పైవాళ్లకి రాసింది ఆయనే మరి. అయినా యంత్రాన్ని ఆపక తప్పలేదు. తిరుగుటపాని మళ్లీ మేడ మీదికి పిలిచారు. యంత్రానికి తన మీద నమ్మకం ఎందుకు తెగిందో ఆయనకి తెలిసింది. డబ్బాలక్కని ఒక్క మాట అనలేదు, కానీ ఆమె వైపు చూడనూ లేదు. 'ఇతరములు' తెరిచి ఒక్కొక్కరికే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. చాలామంది అవతల తిట్టి పెట్టేశారు.

ఇలా అందరికీ చెప్పేసింది. కాలు విరిగినామెకి తప్ప. శిక్ష వెయ్యగలవాళ్లకి చెప్పడం ఒక రకంగా తేలిక, శిక్ష పడితే బరువు దిగుతుంది. ఈమెకి చెప్పి ఏం అడగాలి? క్షమించమనా? విరిగిన కాలు మీద ఆ బరువు కూడా పెట్టాలా? ఇవన్నీ ఆలోచించి పళ్ల కొట్టు దగ్గరనుంచి వెనక్కి వచ్చేది. ఇవన్నీ సాకులని కూడా ఆమెకి తెలుసు.

ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి, ఎక్కడా ఆగకుండా వెళ్లి తలుపు తట్టింది.

చిన్న గది. మంచం మీద కుట్టుపనామె, పిండికట్టు వేసిన కాలు దిండ్ల మీద. గోడ పక్కన కాలితో తొక్కే మిషను, మీద దుప్పటి కప్పి ఉంది. సగం కుట్టిన జాకెట్లు ఒక సంచిలో కుక్కి ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చానని డబ్బాలక్క చెప్పగానే ఆమె కంగారుగా లేవబోయింది.

"లేవకండి, లేవకండి. నేను... ఫిర్యాదుల గదిలో పనిచేస్తాను."

"అయ్యో, కూర్చోండమ్మా. నాకోసం వచ్చారా ఇంత దూరం!" ఆమె మొహంలో కోపం కోసం డబ్బాలక్క వెతికింది. లేదు. "ఎవరిని అనుకుని ఏం లాభం లెండి. అంతా నా రాత."

ఆ మాట వినగానే డబ్బాలక్కకి ప్రాణం లేచొచ్చింది. రాత! తలరాతే అనుకుంటోంది ఈవిడ. అలా అనుకునే మనిషికి ఇంకేం చెప్పాలి? పళ్లు పంపించి, మందులకి ఏదైనా సాయం చేసి, అప్పుడప్పుడూ వచ్చి పలకరిస్తే సరిపోదా? సిగ్గులేని ఆ మనసు గడప దాటి బయటికి కూడా వెళ్లిపోయింది.

"మనం చేసేదేముందమ్మా, రాత అలా ఉంటే..." అంది.

"అదే మా ఆయనా అంటాడు," అంది కుట్టుపనామె. "నీకు రాత రాదు, రాయొద్దంటే విన్నావు కాదు అని. మూడుసార్లు రాశానమ్మా ఫోన్లో. గుల్లగా మోగుతోందని రాశాను. గుల్ల అంటే ఆఫీసుల్లో ఎవరికి అర్థమవుతుంది? చదువుకున్నవాళ్లు రాసినట్టు రాసుంటే ఎవరో ఒకరు వచ్చి చూసేవాళ్లు. పిల్లలు అడుగుతారు, అమ్మా ఏం రాశావు, ఎలా రాశావు అని. సిగ్గేసి ఫోన్లోంచి తీసేశాను."

డబ్బాలక్కకి అప్పుడు తెలిసింది. ఆమె అంటున్నది నుదుటి మీది రాత కాదు. వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని ఫోన్లో రాసిన రాత. కాలు విరగ్గొట్టుకుని, మిషను మూతపడి, పైగా తప్పు కూడా తనదే అనుకుని ఈ మంచం మీద పడుంది.

"మీరు సరిగ్గా రాశారు," అంది. "ఆ మొదటిది చదివింది నేనే. గుల్లగా మోగుతోందని, బకెట్ దింపితే తెలుస్తోందని, పిల్లలు ఆడే చోటని. నాకు అర్థమైంది. చదవగానే అర్థమైంది. ఎవరికి పంపాలో తెలీక, తెలీదంటే నామోషీ అని, ఎవరూ చూడని చోట పడేశాను. మీ రాతలో ఏ లోపమూ లేదు."

కుట్టుపనామె దిండు మీంచి ముందుకి వంగింది.

"అర్థమైందా?" అంది.

"అర్థమైంది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిడుతుందని డబ్బాలక్క ఎదురు చూసింది. పొమ్మంటుందని కూడా చూసింది. పొమ్మంటే బాగుండుననిపించింది.

"మా ఆయన బండి తోలి పొద్దుపోయాక వస్తాడు," అంది కుట్టుపనామె, కళ్లు తుడుచుకుని. "అంతకంటే ముందు పిల్లలు బడి నుంచి వస్తారు. మీరు వెళ్లొద్దు. ఆ కుర్చీలో కూర్చోండి. ఇప్పుడు నాతో అన్న మాట, నాకు అర్థమైంది అన్నారు చూడండి, అది వాళ్లందరి ముందూ మళ్లీ చెప్పండి."

డబ్బాలక్క కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. బయట ఎండ ఇంకా తగ్గలేదు. పిల్లలు రావడానికి చాలా టైముంది.